ఒకటే కంపెనీ, ఒకటే రేటింగ్, బాండుకి మాత్రం నాలుగు వడ్డీలు. ఎందుకు?

మేత_లెక్కలు
మాది రొయ్యల మేత తయారుచేసే కంపెనీ, భీమవరం పక్కన. నేను ఫైనాన్స్ చూస్తాను. కొత్త లైను వెయ్యడానికి 40 కోట్లు కావాలి. బ్యాంకు వాళ్ళు టర్మ్ లోను కోసం ఆర్నెల్లుగా తిప్పుతున్నారు. విసుగొచ్చి మా ఎండీ గారు ఎన్‌సీడీలు, అంటే షేర్లుగా మారని బాండ్లు, ఇష్యూ చేద్దాం అన్నారు. రేటింగ్ ట్రిపుల్ బీ, కాలం 3 ఏళ్ళు. బాండ్లు కొనేవాళ్ళని వెతికిపెట్టే అరేంజర్ నాలుగు టర్మ్ షీట్లు (షరతుల కాగితాలు) తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మొదటిది 12.40 శాతం, అసలు మొత్తం మూడేళ్ళ చివర. రెండోది 12.75, కానీ 18 నెలల తర్వాత మేం కావాలంటే ముందే తీర్చేయొచ్చు. మూడోది 12.10, 18 నెలలకి వాళ్ళు కావాలంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. నాలుగోది 11.75, కానీ ప్రతి మూడు నెలలకీ అసలులో పన్నెండో వంతు కట్టాలి, ఒక క్వార్టర్ కిస్తీ ఎప్పుడూ ఎఫ్‌డీలో ఉండాలి, ఎండీ గారి షేర్లు తాకట్టు పెట్టాలి.

"తక్కువున్నది తీసుకో, ఇందులో ఆలోచించేదేముంది" అని ఎండీ గారి మాట. నాకేమో ఎక్కడో కొడుతోంది. కంపెనీ ఒకటే, అప్పు ఒకటే. 11.75కి, 12.75కి మధ్య ఏడాదికి 40 లక్షలు తేడా. ఈ తేడా దేనికి కడుతున్నట్టు?

కూపన్_కనకయ్య
మీ ఎండీ గారు రైతుకి మేత అమ్మేటప్పుడు "బస్తా రేటు కాదండీ, ఎఫ్‌సీఆర్ చూడండి" అనే కదా చెప్తారు? కిలో రొయ్య పెరగడానికి ఎంత మేత పట్టిందో ఆ లెక్క. బాండుక్కూడా ఎఫ్‌సీఆర్ ఉంటుంది. కూపన్, అదే బాండు మీద రాసిన వడ్డీ, బస్తా మీద అచ్చేసిన రేటు, అంతే.

ట్రెజరీ_సుజాత
కనకయ్య గారు రెండు ముక్కల్లో తేల్చేశారు, నేను కొంచెం విడమరుస్తాను. మీ మొదటి షీటు మామూలు బాండు. దాన్ని కొలబద్దగా పెట్టుకుని మిగతావి చూడండి.

రెండో దాంట్లో కాల్ ఆప్షన్ మీ చేతిలో ఉంది. రేట్లు తగ్గితేనో, మీ రేటింగ్ పెరిగితేనో మీరు తీర్చేసి వెళ్ళిపోతారు. అంటే పెట్టుబడిదారుడికి మంచి వడ్డీ వస్తున్న సమయంలోనే డబ్బు వెనక్కి వచ్చేస్తుంది, అతను దాన్ని తక్కువ వడ్డీకి ఇంకెక్కడో పెట్టుకోవాలి. ఆ ఇబ్బందికి అతను అడిగే ధర 0.35 శాతం. మీ 40 కోట్ల మీద ఏడాదికి 14 లక్షలు.

మూడోది దీనికి అద్దం. పుట్ ఆప్షన్ వాళ్ళ చేతిలో ఉంది. మీ పరిస్థితి బాగుంటే వాళ్ళు కదలరు. బాగోలేకపోతే 18 నెలలకి చెయ్యి చాపుతారు. ఆ హక్కు మీరు వాళ్ళకి అమ్మారు, ఏడాదికి 12 లక్షలు పుచ్చుకున్నారు. మీకు డిస్కౌంటు ఇచ్చినట్టు కనిపిస్తుంది గానీ నిజానికి అది మీరు అమ్మిన సరుకు ఖరీదు.

పెన్షన్_పెద్దాయన
నేను ఆ అవతలి ఒడ్డున ఉండే మనిషిని. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత ఇలాంటి బాండ్లలో పెట్టాను. 2025లో ఫిబ్రవరి నుంచి డిసెంబరు లోపు రిజర్వు బ్యాంకు రెపో రేటు 6.50 నుంచి 5.25కి దిగింది కదా, ఆ దెబ్బకి నా బాండ్లలో రెండింటిని కాల్ చేసి డబ్బు చేతిలో పెట్టేశారు. 11.5 వచ్చేది, ఇప్పుడు అలాంటిది వెతుక్కుంటే 10 దాటడం లేదు. కాల్ ఉన్న బాండు అంటే ఆడపిల్లకి పుట్టింట్లో అన్నం లాంటిది, ఎన్నాళ్ళుంటుందో మన చేతిలో లేదు. సుజాత గారు చెప్పిన 0.35 నాకు చాలా తక్కువ అనిపిస్తుంది.

ట్రెజరీ_సుజాత
పెద్దాయన గారూ, పోలిక మాత్రం మార్చుకోవాలండీ, పుట్టింట్లో అన్నానికి గడువు లేదు మా ఇంట్లో 😄

పెన్షన్_పెద్దాయన
సరేనమ్మా, వెనక్కి తీసుకున్నాను. చూశావా, ఇదీ కాల్ ఆప్షనే.

డల్లాస్_తెలుగోడు
అన్నా, మాకిక్కడ ఇంటి లోనుకి ఇదే ఆప్షన్ మామూలుగా ఉంటుంది. 30 ఏళ్ళ ఫిక్స్‌డ్ రేటు తీసుకుంటాం, రేట్లు పడితే రీఫైనాన్స్, పెరిగితే కదలకుండా కూర్చోవడం. బ్యాంకు ఆ ఆప్షన్ ధర వడ్డీలో ముందే కలిపేస్తుంది, మనకి తెలీదు అంతే. కంపెనీ బాండ్లలో మంచి రేటింగ్ ఉన్నవాళ్ళు "మేక్-హోల్ కాల్" పెడతారు. ముందే తీర్చొచ్చు, కానీ మిగిలిన వడ్డీలన్నిటినీ, అసలునీ ట్రెజరీ రేటు (ఇక్కడి ప్రభుత్వ బాండు వడ్డీ) మీద చిన్న మార్జిన్ కలిపి ఇవ్వాళ్టి విలువకి లెక్కకట్టి మొత్తం ఇచ్చెయ్యాలి. పెట్టుబడిదారుడికి పెద్దగా నష్టం లేదు కాబట్టి అలాంటి కాల్‌కి కూపన్ దాదాపు పెరగదు. కాల్ ఉందా లేదా కాదు, ఏ ధరకి కాల్ అన్నదే అసలు ప్రశ్న.

హైటెక్‌సిటీ_సీఏ
మేత లెక్కలు గారూ, ఒక చిన్న ప్రశ్న. నాలుగింటిలోనూ వడ్డీ ఎప్పుడెప్పుడు కట్టాలి? నెలకా, క్వార్టర్‌కా, ఏడాదికా?

మేత_లెక్కలు
ఇప్పుడే తీసి చూశాను. మొదటిది నెల నెలా. మిగతా మూడూ క్వార్టర్‌కి. ఇది నేను పట్టించుకోలేదు, ఆయ్.

హైటెక్‌సిటీ_సీఏ
అనుకున్నా. 12.40 నెల నెలా కడితే ఏడాదికి అసలు ఖర్చు 13.13. 12.75 క్వార్టర్‌కి కడితే 13.37. అంటే సుజాత గారు చెప్పిన 0.35 తేడా నిజానికి 0.24. కాల్ ఆప్షన్‌కి మీరు కట్టేది ఏడాదికి 14 లక్షలు కాదు, 10 లక్షల లోపే. అరేంజర్లు టర్మ్ షీటు మొదటి పేజీలో కూపన్ పెద్దక్షరాల్లో వేస్తారు, వడ్డీ ఎప్పుడు కట్టాలో నాలుగో పేజీలో ఉంటుంది.

ఇప్పుడు మీ ఎండీ గారు మనసుపడ్డ నాలుగోది చూద్దాం. అరేంజర్ ఫీజు ఎంత?

మేత_లెక్కలు
ఒకటిన్నర శాతం, ముందే. అంటే 60 లక్షలు. నాలుగింటికీ అంతే.

హైటెక్‌సిటీ_సీఏ
బాగుంది. అసలు చివర్లో కట్టే బాండులో ఆ 1.5 శాతం మూడేళ్ళకి పరుచుకుంటుంది, ఏడాదికి 0.50. నాలుగో దాంట్లో ప్రతి క్వార్టర్ అసలు తగ్గిపోతుంది. సగటున మీ చేతిలో డబ్బు ఉండేది మూడేళ్ళు కాదు, 1.625 ఏళ్ళు. అదే ఫీజు ఏడాదికి 0.92 అవుతుంది. ఇంకో మాటలో చెప్పాలంటే 40 కోట్ల అప్పుకి ఫీజు కట్టి, సగటున 21.67 కోట్లు వాడుకుంటారు.

ఎఫ్‌డీ సంగతి. ఒక క్వార్టర్ అసలు 3.33 కోట్లు, మొదటి క్వార్టర్ వడ్డీ 1.17 కోట్లు. మొత్తం నాలుగున్నర కోట్లు కదలకుండా పడి ఉంటాయి. 11.75కి అప్పు తెచ్చి 6.5కి ఎఫ్‌డీలో పెడుతున్నారు. తేడా 5.25 శాతం, ఏడాదికి సుమారు 24 లక్షలు. మొదటి ఏడాది సగటు అప్పు 35 కోట్లు అనుకుంటే దాని మీద దాదాపు 0.68 శాతం. 

11.75కి 0.92, 0.68 కలపండి. 13.35. మొదటి షీటుకి 12.40 ప్లస్ 0.50, 12.90. ఇది చేతి లెక్కే, ఐఆర్‌ఆర్ (ఏ డబ్బు ఏ రోజు కదిలిందో చూసి తేల్చే అసలు వడ్డీ రేటు) వేస్తే పైసలు అటూ ఇటూ అవుతాయి. వడ్డీ నెలకి కట్టే తేడా కూడా కలిపితే రెండూ దగ్గరకొస్తాయి. కానీ "తక్కువున్నది" అని మీ ఎండీ గారు చూపించేది తక్కువది కాదు.

కూపన్_కనకయ్య
ఇదిగో, ఎఫ్‌సీఆర్ అంటే ఇదీ.

గోదారి_గట్టు
సీఏ గారి లెక్క తప్పు అనను గానీ నాకో అభ్యంతరం ఉంది. మూడేళ్ళ తర్వాత ఒకే రోజు 40 కోట్లు ఎక్కడినుంచి తెస్తారండీ? మేం తణుకులో చిన్న యూనిట్ నడిపిన రోజుల్లో అసలు చివర కట్టే అప్పు తీసుకున్నాం. మూడేళ్ళూ హాయిగా ఉంది. చివరి ఆర్నెల్లు నిద్రలేదు. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు, అదీ అవతలివాడు అడిగినంతకి. కిస్తీల్లో కట్టేవాడు ఆఖరికి తేలిగ్గా ఉంటాడు. అది ఏ షీట్లోనూ కనపడని లాభం.

హైటెక్‌సిటీ_సీఏ
ఒప్పుకుంటాను. రీఫైనాన్స్ గండం నేను లెక్కలోకి తీసుకోలేదు. పెట్టుబడిదారుడు కూడా అందుకే కిస్తీల బాండుకి కూపన్ తగ్గించాడు. మీకు తగ్గిన భయమే అతనికీ తగ్గింది.

మేత_లెక్కలు
గట్టు గారూ, మా బాధ వేరు. మేత అరువు మీద పోతుంది. పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) అయ్యేదాకా డీలరు దగ్గర్నుంచి రూపాయి రాదు. కొన్ని క్వార్టర్లలో చేతినిండా డబ్బు, కొన్నిటిలో డ్రైవరు బత్తాకి కూడా చూసుకోవాలి. మూడు నెలలకోసారి సరిగ్గా 3.33 కోట్లు అంటే పండని నెలలో కౌలు కట్టినట్టు. పైగా 2025 ఆగస్టులో అమెరికా వాడు 50 శాతం సుంకం వేసినప్పుడు ఇక్కడ కౌంట్ రేట్లు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి కట్టే ధరలు) ఎలా పడిపోయాయో చూశారుగా. చాలామంది చెరువు ఎండగట్టి కూర్చున్నారు. అలాంటి క్వార్టర్లో కిస్తీ వస్తే?

గోదారి_గట్టు
అయితే కిస్తీల్ని పట్టుబడులకి తగ్గట్టు పెట్టమని అడగండి. ఏడాదికి రెండే, సమానంగా కాకుండా. అడిగితే పోయేదేముంది.

నిశ్శబ్ద_పాఠకుడు
రెండేళ్ళుగా చదువుతున్నా, మొదటిసారి రాస్తున్నా. బేసిస్ పాయింట్ అంటే ఎంత?

కూపన్_కనకయ్య
శాతంలో వందో వంతు. 25 బేసిస్ పాయింట్లు అంటే పావు శాతం. రెండేళ్ళకి ఒక ప్రశ్న అడిగారు, ఇదే రేటున వెళ్ళండి.

వరంగల్_మిర్చి
అన్నా, గిదంతా ప్రైవేటు కంపెనీల ముచ్చట. నాకు ఎప్పటినుంచో ఒక డౌటుంది. 2018 ఫిబ్రవరిల జీహెచ్ఎంసీ 200 కోట్ల బాండ్లు తీసింది, 8.9 శాతానికి. అదే ఏడు ఆగస్టుల అమరావతి బాండ్లు 2,000 కోట్లు, 10.32 శాతం. దానికి రాష్ట్ర సర్కారు గ్యారంటీ గూడ ఉండె. గ్యారంటీ ఉంటె వడ్డీ తగ్గాలె గద? ఏందిది మరి, ఉల్టా అయింది?

గోదారి_గట్టు
వచ్చిందండీ అమరావతి. ఇంక దారం తెగినట్టే.

నిర్వాహకుడు
బాండ్ల గురించి మాట్లాడుకోండి, పార్టీల గురించి వద్దు. ఈ దారానికి తాళం వెయ్యడం నాకిష్టం లేదు.

ట్రెజరీ_సుజాత
పార్టీ ఊసెత్తకుండానే చెప్పొచ్చు. జీహెచ్ఎంసీ అప్పటికే పన్నులు వసూలుచేస్తున్న నగరం. ఆస్తి పన్ను ఏటా వస్తుంది, లెక్కలు కళ్ళ ముందున్నాయి. అమరావతి కట్టే సంస్థ సీఆర్‌డీఏ అప్పటికి కట్టబోయే నగరం పేరు మీద అప్పు తెచ్చింది, సొంత రాబడి ఇంకా మొదలవ్వలేదు. గ్యారంటీ అనేది అప్పు తీసుకున్నవాడు కట్టలేకపోతే పనికొచ్చేది. మొదట చూసేది మాత్రం అతని సొంత సంపాదనే. ఇంకొకటి, 200 కోట్లు అమ్మడం వేరు, 2,000 కోట్లు అమ్మడం వేరు. అదే జీహెచ్ఎంసీ ఆగస్టులో రెండోసారి వెళ్ళినప్పుడు 9.38 కట్టింది, 2019లో మూడోసారికి 10.23. నగరం అదే. మధ్యలో 2018 సెప్టెంబరులో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ ఎగ్గొట్టి మార్కెట్ మొత్తాన్ని భయపెట్టింది. బాండులో మనం రాసుకునే షరతులకి ఒక హద్దుంది, ఆ వారం గాలి ఎటు వీస్తోందో అది కూపన్‌లో సగం తేలుస్తుంది.

వరంగల్_మిర్చి
గట్ల చెప్తె సమజైతది మేడం. అంటె మా మిర్చి యార్డుల లెక్కనే. సరుకు ఒకటే, ఏ రోజు తెచ్చినవ్ అన్నదే రేటు.

లీగల్_లక్ష్మి
అందరూ వడ్డీ, ఆప్షన్లు అంటున్నారు. నేను డిబెంచర్ ట్రస్ట్ డీడ్లు (బాండు ఒప్పంద పత్రాలు) చదివే పనిలో ఉన్నాను కాబట్టి కోవినెంట్ల (అప్పు తీసుకునేవాడు ఒప్పుకునే షరతుల) గురించి రెండు మాటలు. తమ్ముడూ, నీ షీట్లలో రేటింగ్ పడితే ఏమవుతుందని ఉంది?

మేత_లెక్కలు
ఒక నాచ్, అంటే ఒక మెట్టు, పడితే వడ్డీ 25 బేసిస్ పాయింట్లు పెరుగుతుంది, ఇది నాలుగింటిలోనూ ఉంది. మూడు, నాలుగులో ఇంకో వాక్యం ఉంది మేడమ్: ట్రిపుల్ బీ మైనస్ కిందికి పడితే మొత్తం వెంటనే కట్టాలి.

లీగల్_లక్ష్మి
ఆ వాక్యమే చూడాలి. స్టెప్-అప్, అంటే అలా వడ్డీ పెరగడం, ఫర్వాలేదు, జబ్బు చేసినప్పుడు మందుల ఖర్చు పెరిగినట్టు. రెండోది వేరు. రేటింగ్ పడిందంటే అప్పటికే నీ దగ్గర డబ్బు బిగుసుకుని ఉంటుంది. సరిగ్గా అప్పుడే 40 కోట్లు కట్టమంటారు. ఇంతటితో అయిపోదు. నీ బ్యాంకు వర్కింగ్ క్యాపిటల్ పత్రాల్లో క్రాస్-డిఫాల్ట్ ఉంటుంది, ఇక్కడ తప్పితే అక్కడ లిమిట్ కూడా ఆపేస్తారు.

నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో అచ్చంగా ఇదే జరిగింది, పేరొద్దు. వ్యాపారం నడుస్తూనే ఉంది, ఒక పెద్ద కస్టమరు బకాయి ఆగింది. ఏజెన్సీ రెండు నాచ్‌లు దించింది. మర్నాడు బాండుదారుల నోటీసు, వారంలో బ్యాంకు నోటీసు. ముప్పావు శాతం కూపన్ తగ్గించుకోవడానికి ఆ వాక్యం ఒప్పుకున్నారు. చివరికి ఫ్యాక్టరీ పక్క ఖాళీ స్థలం వచ్చిన కాడికి అమ్ముకున్నారు.

కూపన్_కనకయ్య
స్టెప్-అప్‌లో అన్నీ చెడ్డవి కావు లెండి. 2011లో టాటా స్టీల్ గడువే లేని బాండు తెచ్చింది, 1,500 కోట్లు, 11.80 శాతం. పదేళ్ళ తర్వాత కాల్ చెయ్యకపోతే వడ్డీ ఇంకో 3 శాతం పెరుగుతుందని రాశారు. "గడువు లేదు" అని పైకి చెప్పడమే గానీ ఆ 3 శాతం మెడ మీద కత్తి ఉంటే ఎవరైనా పదేళ్ళకి తీర్చేస్తారు. 2021లో తీర్చేశారు. పెట్టుబడిదారుడు దాన్ని పదేళ్ళ బాండులాగే చూసి ధర కట్టాడు.

అల్ట్రాటెక్ 2021లో డాలర్ బాండు తెచ్చింది, 40 కోట్ల డాలర్లు, 2.80 శాతం. కాలుష్యం ఇంత తగ్గిస్తాం, తగ్గించకపోతే 0.75 శాతం ఎక్కువ కడతాం అని మాటిచ్చింది. ఆ రకం బాండ్లకి విడిగా కొనేవాళ్ళున్నారు.

మేత_లెక్కలు
మా రొయ్యల చెరువుల నీళ్ళు చూసి ఎవరైనా గ్రీన్ బాండు ఇస్తారా?

కూపన్_కనకయ్య
నీళ్ళు పచ్చగానే ఉంటాయి కదా!

డల్లాస్_తెలుగోడు
కాలం గురించి ఎవరూ అనలేదు. రిలయన్స్ 2022 జనవరిలో 400 కోట్ల డాలర్ల బాండ్లు ఒకే రోజు మూడు ముక్కలుగా అమ్మింది. 10 ఏళ్ళది 2.875, 30 ఏళ్ళది 3.625, 40 ఏళ్ళది 3.75. కంపెనీ ఒకటే, రోజు ఒకటే, పత్రాలు కూడా దాదాపు ఒకటే. కాలం ఒక్కటే వేరు. పది నుంచి ముప్ఫైకి వెళ్తే ముప్పావు శాతం, ముప్ఫై నుంచి నలభైకి ఎనిమిదో వంతే. మొదటి ప్రశ్నకి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ దొరకదు.

హైటెక్‌సిటీ_సీఏ
మంచి ఉదాహరణ. కానీ అది చూసి మనవాళ్ళు డాలర్ బాండు చవక అనుకుంటారు. మన శంషాబాద్ విమానాశ్రయం 2017లో 35 కోట్ల డాలర్లు తెచ్చింది, పదేళ్ళకి, 4.25 శాతం. వినడానికి ముద్దుగా ఉంటుంది. దాని మీద రూపాయి హెడ్జింగ్ ఖర్చు (రూపాయి పడితే నష్టం రాకుండా చేసుకునే ఏర్పాటుకి అయ్యేది) కలపాలి. అది కలపకపోతే రాత్రి నిద్రని కలపాలి.

మేత_లెక్కలు
లేటెస్టు సంగతి. అరేంజర్ నిన్న ఐదో షీటు తెచ్చాడు. 8 శాతమే! కానీ మూడేళ్ళ తర్వాత వాళ్ళు కావాలంటే కంపెనీలో 20 శాతం వాటాగా మార్చుకుంటారు, వద్దంటే 40 కోట్లూ వెనక్కి. ఎండీ గారి కళ్ళు వెలిగిపోయాయి. వాళ్ళ తమ్ముడుగారు మాత్రం "బయటివాడు బోర్డులో కూర్చుంటాడా" అని లేచి వెళ్ళిపోయారు.

ట్రెజరీ_సుజాత
12.40 తో పోలిస్తే ఏడాదికి 1.76 కోట్లు మిగులు, మూడేళ్ళకి 5.28 కోట్లు. కొత్త లైను బాగా నడిచి కంపెనీ విలువ మూడేళ్ళకి 300 కోట్లు అయిందనుకోండి. 20 శాతం అంటే 60 కోట్లు. వాళ్ళు పెట్టింది 40. మీరు 5 కోట్లు మిగుల్చుకోవడానికి 20 కోట్లు ఇచ్చారు. లైను నడవకపోతే? వాటా ఎవరికీ వద్దు, 40 కోట్లూ కట్టమంటారు. బాగుంటే భాగస్వామి, బాగోకపోతే అప్పులవాడు. తమ్ముడుగారు కోపంతో లేచినా లెక్క మాత్రం సరిగ్గానే వేశారు.

లీగల్_లక్ష్మి
సుజ్లాన్ గుర్తుందా. మంచి రోజుల్లో వడ్డీ లేని ఎఫ్‌సీసీబీలు (షేర్లుగా మార్చుకోగల విదేశీ కరెన్సీ బాండ్లు) తెచ్చింది, షేరు పెరుగుతుంది, అందరూ వాటాలుగా మార్చుకుంటారు అనే ధీమాతో. షేరు పడిపోయింది, ఎవరూ మార్చుకోలేదు. రూపాయి కూడా పడింది. 2012 అక్టోబరులో 20.9 కోట్ల డాలర్లు కట్టలేక చేతులెత్తేసింది. అందులో ఎక్కువ భాగం సున్నా శాతం అని అచ్చేసిన అప్పే.

డల్లాస్_తెలుగోడు
సుజాత గారూ, కొంచెం ఎదురు వాదిస్తా. కొత్త కంపెనీకి, చేతిలో నగదు లేనివాడికి కన్వర్టిబుల్ (ఇలా వాటాగా మారే బాండు) మంచిదే. మొదటి మూడేళ్ళు ఏడాదికి అయిదు కోట్లు వడ్డీ కట్టే బదులు 3.2 కోట్లు కడితే ప్రాణం నిలుస్తుంది. ఇచ్చే 20 కోట్లు కంపెనీ బాగుపడ్డ రోజున కదా ఇస్తున్నాం. బాగుపడిన రోజున ఎంతిచ్చినా నొప్పి ఉండదు.

ట్రెజరీ_సుజాత
స్టార్టప్ అయితే మీ మాటే నా మాట. వీళ్ళది లాభాల్లో ఉన్న మేత కంపెనీ, ఫ్యామిలీ వ్యాపారం.

పెన్షన్_పెద్దాయన
వాటాల మాటొచ్చింది కాబట్టి. 2011లో డాక్టర్ రెడ్డీస్ షేరున్నవాళ్ళకి బోనస్‌గా డిబెంచర్లు పంచింది. ఒక్కో షేరుకి 5 రూపాయలవి ఆరు, 9.25 శాతం, మూడేళ్ళకి. తాకట్టు లేదు, ఏమీ లేదు. అయినా ఎవరూ కంగారుపడలేదు. పేరు గట్టిదైతే తాకట్టు అడిగేవాడుండడు. పేరు సన్నదైతే తాకట్టు పెట్టినా ఇంకో అర శాతం అడుగుతారు.

హైటెక్‌సిటీ_సీఏ
తాకట్టు అనగానే గుర్తొచ్చింది. మేత లెక్కలు గారూ, స్టాకు, బకాయిల మీద మొదటి చార్జ్ (తాకట్టు హక్కు) మీ బ్యాంకుదే కదా? ఎన్‌సీడీకి ఏం తాకట్టు రాశారు?

మేత_లెక్కలు
కొత్త లైను మెషినరీ, షెడ్డు మీద మొదటి చార్జ్. స్టాకు, బకాయిల మీద రెండో చార్జ్. బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇంకా రాలేదు.

హైటెక్‌సిటీ_సీఏ
అయితే డబ్బు చేతికొచ్చినా ఎన్‌ఓసీ వచ్చేదాకా తాకట్టు పూర్తికాదు. గడువులోగా చార్జ్ చెయ్యకపోతే కూపన్ మీద ఏడాదికి 2 శాతం అదనం. లిస్టింగ్ ఆలస్యమైతే 1 శాతం. వడ్డీయో అసలో తప్పితే ఇంకో 2 శాతం. ఎన్‌ఓసీ చేతికొచ్చాకే ఇష్యూ తేదీ పెట్టుకోండి.

ఇంకోటి. ఈ ఎన్‌సీడీల్ని స్టాక్ ఎక్స్చేంజిలో లిస్ట్ చేస్తున్నారా? అన్‌లిస్టెడ్ అయితే 10 శాతం, అంటే 4 కోట్ల లాభాన్ని డిబెంచర్ రిడెంప్షన్ రిజర్వుగా పక్కన పెట్టాలి, డివిడెండ్ కింద పంచడానికి లేదు. గడువు తీరే ఏడాదిలో 15 శాతం, 6 కోట్లు, విడిగా పెట్టుబడి పెట్టి చూపించాలి. లిస్టెడ్ కంపెనీలకి ఆ రిజర్వు 2019లో తీసేశారు, కానీ ఎన్‌సీడీలు మాత్రమే లిస్ట్ చేసిన కంపెనీకి ఆ మినహాయింపు వస్తుందో లేదో కనుక్కోండి.

మేత_లెక్కలు
లిస్ట్ చేస్తున్నాం. రేటింగ్, ట్రస్టీ, లిస్టింగ్ కలిపి మా కొటేషన్ ఏడాదికి 9 లక్షలు. చిన్న ఇష్యూకి ఇదీ ఒక భారమే.

వరంగల్_మిర్చి
పెద్దాయన, మీ అసొంటోళ్ళు గీ బాండు కొనొచ్చా? ఇదివరకు పది లక్షలు ఉంటెనే గద ప్రైవేటు బాండు దొరుకుతుండె.

పెన్షన్_పెద్దాయన
అది పాత మాట నాయనా. ముఖవిలువ 2023 జనవరి నుంచి లక్షకి తగ్గించారు, 2024లో పదివేలకి కూడా దారిచ్చారు. ఇప్పుడు ఫోన్ యాప్‌లోనే వస్తున్నాయి. దానివల్ల మాలాంటివాళ్ళు పెరిగారు, కంపెనీకి కొనేవాళ్ళు పెరిగితే వడ్డీ కొంచెం దిగుతుంది. కానీ మాలాంటివాళ్ళలో చాలామంది 12 అనే అంకె చూసి నొక్కేస్తారు, కాల్ ఉందా, తాకట్టు ఎవరిది, వరసలో మనమెక్కడ అని చూడరు. 2020 మార్చిలో యెస్ బ్యాంకు ఏటీ-1 బాండ్లు (బ్యాంకు మునిగే పరిస్థితి వస్తే రద్దుచేసే రకం) 8,415 కోట్లు ఒక్క కలంపోటుతో కొట్టేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ బాండుకి ఎక్కువ వడ్డీ ఎందుకిచ్చారో కొన్నవాళ్ళలో కొందరికి ఆ రోజే తెలిసింది.

ట్రెజరీ_సుజాత
మళ్ళీ అసలు ప్రశ్నకి వస్తాను. రెండో షీటు కాల్ పనికొస్తుందా? 18 నెలలకి మార్కెట్ ఒక శాతం దిగి, మీరు 11.75కి కొత్త బాండు తెచ్చి పాతది తీర్చారనుకోండి. మిగిలిన 18 నెలల్లో మిగిలేది 60 లక్షలు. కొత్త ఇష్యూకి అరేంజర్ ఫీజు? 60 లక్షలు. అంటే అరేంజర్ కోసం కాల్ చేసినట్టు. బాండుతో బాండు తీర్చే లెక్కలో మీలాంటి చిన్న ఇష్యూకి కాల్ దండగ.

కూపన్_కనకయ్య
అమ్మా, ఒక్కటి మర్చిపోయారు. బ్యాంకు.

మేత లెక్కలు గారు మొదటి పోస్టులోనే చెప్పారు, టర్మ్ లోను ఆర్నెల్లుగా ఆగి ఉందని. కాదనలేదు, ఆగి ఉంది. లైను నడవడం మొదలెట్టి ఏడాది లెక్కలు చూపిస్తే బ్యాంకు ఏ 10 శాతానికో ఇస్తుంది. అప్పుడు తేడా 2.75 శాతం, 18 నెలలకి 1.65 కోట్లు. బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు పోయినా కోటి దాటి మిగులుతుంది. ఈయనకి బాండు అనేది ఇల్లు కాదు, వంతెన. వంతెన మీద మూడేళ్ళు కాపురం ఎవరు చేస్తారు? దిగే దారి ఉండాలి, దానికి ఏడాదికి పది లక్షలు టోలు అనుకోండి.

ట్రెజరీ_సుజాత
ఇది నాకు తట్టలేదు. కనకయ్య గారికి నా ఓటు.

గోదారి_గట్టు
నా ఓటు కూడా. కానీ బ్యాంకు ఇవ్వకపోతే మూడేళ్ళూ ఆ టోలు కడుతూ, చివర్లో 40 కోట్లూ వెతుక్కోవాలి. నేను చెప్పిన నిద్ర సంగతి మర్చిపోకండి.

మేత_లెక్కలు
మూడు వారాలైంది, ఏమైందో చెప్పకపోతే బాగోదు. మూడోది, నాలుగోది, ఐదోది పక్కన పెట్టించాను. సీఏ గారి 13.35 లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఎండీ గారు రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత "ఆ ఎఫ్‌డీ ఎవడు పెట్టమన్నాడు" అన్నారు.

రెండో షీటు పట్టుకుని బేరమాడాం. 12.60, క్వార్టర్‌కి వడ్డీ. 15 నెలల తర్వాత ఎప్పుడైనా కాల్ చెయ్యొచ్చు, కానీ అర శాతం ప్రీమియం ఇచ్చి. డల్లాస్ అన్న చెప్పింది నిజమే, కాల్‌కి ధర ఇస్తాం అనగానే కూపన్ దిగింది. గట్టు గారి మాట కూడా కొంత విన్నాం: 40లో 10 కోట్లు రెండో ఏడాది చివర, మిగతా 30 మూడో ఏడాది చివర. రెండు తేదీలూ పట్టుబడి అయ్యాక వచ్చే నెలల్లో. స్టెప్-అప్ ఉంది, "వెంటనే మొత్తం కట్టాలి" అన్నది తీసేయించాం, దానికి ఒక పూట మొత్తం పట్టింది లక్ష్మి మేడమ్. ఎన్‌ఓసీ మొన్న వచ్చింది.

ఎండీ గారు ఒకటి అడగమన్నారు. ఆ ఎఫ్‌సీఆర్ మాట ఎవరన్నారని, డీలర్ల మీటింగులో వాడుకుంటారట.

కూపన్_కనకయ్య
వాడుకోమనండి. ఫీజు ఒకటిన్నర శాతం వద్దు, 30 కౌంట్ రొయ్యలు రెండు కిలోలు చాలు. ముందే.

పెన్షన్_పెద్దాయన
మీ బాండు యాప్‌లో కనపడితే నేను మాత్రం కొనను. కాల్ ఉంది.